మళ్లీ పెడల్ మీద కాలు

(తార్నాకలో మా కాలనీ సంఘం హాల్లో ఒక ఆదివారం ఉదయం రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ఇంత పొద్దున్నే ఇంతమంది వస్తారనుకోలేదు, చాలా సంతోషంగా ఉంది. మొదలుపెట్టే ముందు ఒక్క చిన్న పని చేద్దాం. మీలో సైకిల్ తొక్కడం వచ్చినవాళ్లు చేతులెత్తండి. ఎత్తండమ్మా, మొహమాటం వద్దు. ఇంచుమించు అందరూ ఎత్తారు. సరే, అలాగే ఉంచండి. ఇప్పుడు, ఈ నెలరోజుల్లో ఒక్కసారైనా తొక్కినవాళ్లు మాత్రం ఉంచి మిగతావాళ్లు దించేయండి. ఒకటి, రెండు, మూడు. మూడే చేతులు.

మిగతా చేతులన్నీ ఎందుకు దిగాయి? ఈ పూట నేను మాట్లాడబోయేది దాని గురించే.

మూడో వరసలో ఆకుపచ్చ చీర కట్టుకున్న అమ్మగారూ, మీరు చెప్పండి. ఎప్పుడు మానేశారు? "పెళ్లయ్యాక." అవును. వెనకాల సార్, మీరు? "స్కూటర్ కొన్నాక." ఆ తలుపు దగ్గర నిలబడ్డ బాబూ, నువ్వు? "ఆఫీసుకి వెళ్లేసరికి చొక్కా తడిసిపోతుంది మేడమ్." ఇంకెవరు? "మోకాళ్లు." "పెట్టుకోవడానికి చోటు లేదు, మూడో అంతస్తు." చూశారా, సైకిలంటే ఇష్టం లేదని ఒక్కరూ అనలేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా! ఎత్తు రోడ్లు, చెమట, దూరం, పెట్టుకునే చోటు, ఇవే మనల్ని సైకిల్ మీంచి దింపేశాయి. ఈ నాలుగింటిలో ఎత్తుకీ చెమటకీ కరెంటు జవాబు చెబుతుంది. దూరానికీ చోటుకీ మడత జవాబు చెబుతుంది. కరెంటు సైకిల్, మడత సైకిల్. రెండూ నా దగ్గరున్నాయి. బయట గేటు పక్కన పెట్టాను, వచ్చేటప్పుడు చూసే ఉంటారు.

నా సంగతి కొంచెం చెబుతాను. మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. మా ఊళ్లో అద్దె సైకిళ్ల కొట్టు ఉండేది. అర్ధగంటకి ఇంత, గంటకి ఇంత అని లెక్క. పెద్ద సైకిల్, కడ్డీ మీదుగా కాలు అందదు. కడ్డీ కిందనుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు నేర్చుకున్నాను. మోచేతులు గీరుకుపోయాయి. ఆ తర్వాత అవనిగడ్డ హైస్కూలుకి రోజూ సైకిల్ మీదే వెళ్లేదాన్ని. కాలవగట్టు మీద, పొద్దున్నే, పుస్తకాల సంచి క్యారియర్‌కి బిగించి. డెల్టా కదా, నేల చాప పరిచినట్టు ఉంటుంది. ఎత్తు అన్న మాటే తెలియదు. ఎదురుగాలి ఒక్కటే తెలుసు.

ఎమ్మెస్సీకి ఉస్మానియాకి వచ్చాను. ఇక్కడ అడ్డతొక్కుడుని కైంచీ అంటారని వచ్చాకే తెలిసింది. సైకిల్ తెచ్చుకున్నాను కూడా. కానీ హైదరాబాద్ ఎలాంటి ఊరు? రాతి మీద కట్టిన ఊరు. ఇటు దిగితే అటు ఎక్కాలి. కొన్నాళ్లు తొక్కాను. తర్వాత పెళ్లి, పిల్లలు, ఉద్యోగం, బస్సు పాస్. ఆ సైకిల్‌ని ఎవరికిచ్చానో కూడా ఇప్పుడు గుర్తులేదు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ముప్పై ఏళ్ల తర్వాత, 2019లో, మళ్లీ పెడల్ మీద కాలు పెట్టాను. ఉద్యోగంలో చివరి సంవత్సరాలు నారాయణగూడలో మా కాలేజీకి ఎలక్ట్రిక్ సైకిల్ మీదే వెళ్లొచ్చాను.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం ఉంటుంది. నన్ను ఎంతోమంది అడిగారు. "మోటారు తోస్తుంటే అది సైకిల్ ఎలా అవుతుందండీ? వ్యాయామం ఏముంది అందులో?" మంచి ప్రశ్న. నేను ఫిజిక్స్ చెప్పినదాన్ని కాబట్టి లెక్క కట్టే జవాబు చెబుతాను. భయపడకండి, పరీక్ష పెట్టను.

మామూలు ఆరోగ్యంగా ఉన్న మనిషి, క్రీడాకారుడు కాదు, మనలాంటి మనిషి, నిలకడగా గంటసేపు తొక్కితే ఎంత శక్తి ఇవ్వగలడు? ఒక డెబ్బై అయిదు నుంచి వంద వాట్లు. అంటే పాతకాలం గుండ్రటి బల్బు ఒకటి వెలిగించేంత. చదును రోడ్డు మీద హాయిగా పోవడానికి ఆ శక్తి చాలు. అందుకే మా డెల్టాలో ఎనభై ఏళ్ల తాతలు కూడా సైకిల్ తొక్కుకుంటూ పొలానికి పోయేవారు. ఇప్పుడు ఎత్తు చూద్దాం. ఆరువందల మీటర్ల రోడ్డు, దాని చివరికి వెళ్లేసరికి ముప్పై మీటర్లు పైకి ఎక్కుతాం అనుకోండి. మన ఊళ్లో ఇలాంటివి ఎన్ని లేవు? మనిషి, సైకిల్, సంచి కలిపి తొంభై కిలోలు. బరువు, గురుత్వం, ఎత్తు, మూడూ గుణిస్తే ఇరవై ఆరున్నర వేల జౌల్స్ శక్తి వస్తుంది. దాన్ని మూడు నిమిషాల్లో ఎక్కాలంటే? నూట ఎనభై సెకన్లతో భాగిస్తే నూట నలభై ఏడు వాట్లు. ఇది ఉత్త ఎత్తుకే. టైరు రాపిడి, గాలి అదనం. మన దగ్గరున్నది వంద. ఎత్తు అడిగేది దానికి ఒకటిన్నర రెట్లు. ఆ తేడా ఎక్కడినుంచి వస్తుంది? గుండె దడలోంచి, మోకాలి నొప్పిలోంచి, తడిసిన చొక్కాలోంచి. అంతే కదా?

ఎలక్ట్రిక్ సైకిల్లో మోటారు ఆ తేడా మాత్రం భరిస్తుంది. మన వంద మనమే ఇస్తాం. తొక్కడం ఎక్కడికీ పోలేదు, ఊపిరాడకపోవడం ఒక్కటే పోయింది. పైగా ఇంకో సంగతి. మామూలు సైకిల్ ఇంట్లో ఉంటే నెలకి ఒకసారి తొక్కేదాన్నేమో. ఇది రోజూ తొక్కాను. వ్యాయామం దేనిలో ఎక్కువో మీరే ఆలోచించండి.

మోటారుకి మనం తొక్కుతున్నామని ఎలా తెలుస్తుంది? ఇది కొనేటప్పుడు తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయం. రెండు పద్ధతులున్నాయి. చౌక సైకిళ్లలో పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్ ఉంటుంది. తిరిగితే మోటారు పనిచేస్తుంది, ఆగితే ఆగుతుంది. మీరు గట్టిగా తొక్కారా, మెల్లగా తొక్కారా అన్నది దానికి పట్టదు. రెండోది టార్క్ సెన్సర్. మీ పాదం ఎంత బలంగా నొక్కుతోందో కొలిచి, దానికి తగ్గట్టు సాయం చేస్తుంది. కొంచెం నొక్కితే కొంచెం, ఎక్కువ నొక్కితే ఎక్కువ. వెనకనుంచి ఎవరో అరచేత్తో నెమ్మదిగా తోస్తున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు సైకిల్ నేర్పేటప్పుడు నాన్న సీటు పట్టుకుని వెనకాల పరుగెత్తేవారు కదా, అచ్చం అలాగే. డబ్బు కొంచెం ఎక్కువైనా నేను ఆ రెండోదే కొనమంటాను.

ఈ ఆలోచన ఎక్కడిది? సైకిల్ చక్రంలో మోటారు పెట్టాలన్న ఊహ చాలా పాతది. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన 1895లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ మనిషి తొక్కుడుని కొలిచి దానికి సాయం కలిపే సైకిల్ని బజార్లోకి తెచ్చింది యమహా. 1993లో, జపాన్‌లో. పాస్ అని పేరు పెట్టారు. పరుగు పందేల కోసం కాదు. జపాన్‌లో ఇవాళ ఆ సైకిళ్లు ఎక్కువగా కనిపించేది ఎవరి దగ్గరో తెలుసా? తల్లుల దగ్గర. ముందొక పిల్ల, వెనకొక పిల్ల, బుట్టలో కూరలు. పిల్లల్ని బడిలో దింపి బజారు చేసుకుని ఇంటికి వస్తారు. నాకు ఆ దృశ్యం చాలా ఇష్టం. ఇది యువకుల ఆటవస్తువు అనుకునేవాళ్లకి నేను మొదట ఆ తల్లుల గురించే చెబుతాను.

సరే, నా రోజు ఎలా గడిచేదో చెబుతాను. తార్నాకలో ఇల్లు. పొద్దున ఏడున్నరకి బయల్దేరి యూనివర్సిటీ లోపలి రోడ్ల మీదుగా వెళ్లేదాన్ని. మీకు తెలుసుగా, ఆ చెట్ల నీడ. ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి వెళుతుంటే ఆ గులాబీ రంగు రాయి మీద పొద్దుటి ఎండ పడుతూ ఉంటుంది. 1939లో పూర్తయిన కట్టడం. ఎమ్మెస్సీ రోజుల్లో దాని ముందునుంచి రోజూ బస్సులో వెళ్లినా తలెత్తి చూసిన గుర్తు లేదు. సైకిల్ మీద చూశాను. అడిక్‌మెట్ వంతెన దాటి, విద్యానగర్, నల్లకుంట, బర్కత్‌పుర, నారాయణగూడ. సుమారు ఏడు కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు చాలావరకు పల్లం కాబట్టి అసిస్ట్, అంటే మోటారు చేసే సాయం, ఒకటిలో పెట్టేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు ఎత్తు, అప్పుడు మూడు. వెళ్లడానికి ముప్పై నిమిషాలు, రావడానికీ ముప్పై నిమిషాలే. రెండూ ఒకటే కావడం గమనించారా? ట్రాఫిక్ ఉన్నా లేకపోయినా అంతే. బస్సు కోసం నిలబడ్డ రోజుల్లో నాకు దొరకనిది ఇదే. ఎన్నింటికి చేరతానో నాకు తెలుసు. టెన్షన్ లేదు.

ఖర్చు ఎంత? నా బ్యాటరీ ముప్పై ఆరు వోల్టులు, పది ఆంపియర్ అవర్లు. గుణిస్తే మూడువందల అరవై వాట్ అవర్లు. వెయ్యి వాట్ అవర్లయితే ఒక యూనిట్ కరెంటు, అంటే నష్టాలు కలుపుకున్నా ఫుల్ చార్జికి అర యూనిట్ పట్టదు. దాంతో నేను తొక్కుతూ పోతే పాతిక నుంచి ముప్పై కిలోమీటర్లు వస్తుంది. రెండ్రోజులకి ఒకసారి చార్జింగ్. ఇంకో లెక్క చెబుతాను, ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ మూడువందల అరవై వాట్ అవర్ల శక్తి పెట్రోల్లో ఎంత ఉంటుందో తెలుసా? ముప్పై ఎనిమిది మిల్లీలీటర్లలో! రెండున్నర పెద్ద చెంచాలు. పిల్లలకి దగ్గు మందు పోసినట్టు పోస్తే అయిపోతుంది. అంత కొంచెం శక్తితో ఒక మనిషి పాతిక కిలోమీటర్లు పోవచ్చు. ఎందుకంటే మనం ఒక టన్ను ఇనుముని వెంట లాక్కుపోవడం లేదు.

లైసెన్సు కావాలా అని అడుగుతున్నారు. చెబుతాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, మోటారు శక్తి రెండువందల యాభై వాట్లకు మించకుండా, వేగం గంటకి పాతిక కిలోమీటర్లు దాటకుండా, బ్యాటరీ కాక బరువు అరవై కిలోలకు లోపు ఉంటే దాన్ని మోటారు వాహనం కింద లెక్కవేయరు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ కొందరు దుకాణదారులు ఆ హద్దు తీసేసి అమ్ముతారు. "మేడమ్, లాక్ తీసేస్తాను, నలభై పోతుంది" అంటారు. ఒద్దండి. నలభైకి వెళితే అది చట్టం దృష్టిలో సైకిల్ కాదు. సైకిల్ ఫ్రేముకి, సైకిల్ బ్రేకులకి నలభై తగిన వేగమూ కాదు. నా మాట వినండి. హెల్మెట్ మాత్రం చట్టం అడిగినా అడక్కపోయినా పెట్టుకోండి. నేను ఒక్కరోజు కూడా మానలేదు.

ఇబ్బందులు చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టు. మొదటి వానాకాలంలో నల్లకుంట దగ్గర రోడ్డు మీద నీళ్లు నిలిచాయి. ముందు బైకులు పోతున్నాయి కదా అని నేనూ దింపాను. నీళ్లు చక్రం నడిమధ్యకి వచ్చాయి. హబ్ మోటారు అంటే ఆ నడిమధ్యలోనే ఉంటుంది. అవతలి గట్టుకి చేరాను కానీ మోటారు ఆగిపోయింది. ఇరవై రెండు కిలోల సైకిల్ని ఆ ఎత్తంతా నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. మోటారుకి కరెంటు సర్దే కంట్రోలర్ మార్చాల్సి వచ్చింది, రెండు వారాలు పట్టింది. ఇవి వాన జల్లుకి తట్టుకుంటాయి, మునిగితే తట్టుకోవు. నీళ్లు ఇరుసుని అంటేలా ఉంటే దిగిపోండి, పక్కనున్న కొట్టు అరుగు మీద అర్ధగంట నిలబడండి.

ఇంకోటి చార్జరు. అసలు చార్జరు పాడైతే చౌకగా దొరికిందని బజార్లో ఇంకోటి తెచ్చాను. వోల్టేజి సరిగ్గా సరిపోలేదు. చేత్తో ముట్టుకుంటే కాలుతోంది. వెంటనే తీసి పారేశాను. అమ్మా, ఈ విషయంలో మాత్రం పొదుపు వద్దు. లిథియం బ్యాటరీకి దాని చార్జరే వాడాలి. రాత్రంతా పెట్టి పడుకోవద్దు. బయటికి పోయే తలుపు దగ్గర చార్జింగ్ పెట్టొద్దు, ఏమైనా జరిగితే దారి అదే కదా. మన ఏప్రిల్, మే ఎండలో తొక్కి వచ్చాక వేడిగా ఉన్నప్పుడే ప్లగ్ పెట్టొద్దు, గంటసేపు నీడలో చల్లారనివ్వండి. సెలవుల్లో ఊరెళితే నిండుగానూ వద్దు, ఖాళీగానూ వద్దు, సగంలో ఉంచి వెళ్లండి. ఇలా చూసుకుంటే అయిదువందలసార్లు, అంతకు పైనే చార్జి చేసుకోవచ్చు. తర్వాత బలం తగ్గుతుంది. కొత్త బ్యాటరీ ఖర్చు సైకిల్ ఖరీదులో పెద్ద భాగమే. అది ముందే మనసులో పెట్టుకుని కొనండి.

ఇక మడత సైకిల్ దగ్గరకి వస్తాను. నిజం చెప్పాలంటే నా మనసు దీని మీదే ఎక్కువ.

మడత సైకిల్ కథలో నాకు బాగా నచ్చిన మనుషులు ఇద్దరున్నారు. ఒకాయన ఆండ్రూ రిచీ, ఇంగ్లండ్. 1970లలో లండన్‌లో తన ఫ్లాట్‌లోనే కూర్చుని మడత సైకిల్ తయారుచేశాడు. కిటికీలోంచి చూస్తే బ్రాంప్టన్ ఆరెటరీ అనే చర్చి కనబడేదట. ఆ పేరే సైకిల్‌కి పెట్టాడు, బ్రాంప్టన్ అని. పదహారు అంగుళాల చక్రాలు. మడిస్తే అరవై సెంటీమీటర్ల లోపు మూట. రెండో ఆయన డేవిడ్ హాన్. అమెరికాలో లేజర్ల మీద పనిచేసిన ఫిజిక్స్ మనిషి, అందుకే నాకు కొంచెం పక్షపాతం. 1970లలో చమురు కొరత వచ్చి పెట్రోలు బంకుల దగ్గర పొడుగాటి వరసలు పడ్డాయి కదా, ఆ రోజుల్లో ఆయనకి ఈ ఆలోచన వచ్చింది. బస్సుతో, రైలుతో కలిసిపోయే సైకిల్ ఉంటే ఎలా ఉంటుంది? 1982లో డాహాన్ కంపెనీ మొదలైంది. పెద్ద ప్రయోగశాలలో మంచి ఉద్యోగం వదిలేసి మడత బందుల మీద కూర్చున్నాడు! ఆ పట్టుదల అంటే నాకు గౌరవం.

మడతలో ఏముంది? చాలావాటిలో మూడే మూడు పనులు. ఫ్రేము మధ్యలో బందు ఉంటుంది, మన తలుపు బందులాగే. లీవరు తీసి ముందు చక్రాన్ని వెనక చక్రం పక్కకి తెస్తారు. హ్యాండిల్ కాడకి ఇంకో బందు, దాన్ని కిందికి వంచుతారు. సీటు దింపుతారు. నాకు ఇప్పుడు ఇరవై సెకన్లు పడుతుంది. మొదటి వారం అయిదు నిమిషాలు పట్టేది. అలవాటే. ఒక్కటి మాత్రం మరచిపోవద్దు. విప్పాక లీవర్లు రెండూ పూర్తిగా బిగిసి, గొళ్లెం పడిందో లేదో చేత్తో లాగి చూసిన తర్వాతే ఎక్కాలి. ప్రతిసారీ. తొందరలో ఉన్నా సరే.

చక్రాలు చిన్నవి కదా, ఎక్కువసార్లు తొక్కాలేమో అని అందరూ అడుగుతారు. అక్కర్లేదు. చక్రం చిన్నదైన మేరకు పెడల్ దగ్గరి పళ్లచక్రాన్ని పెద్దది పెడతారు. లెక్క సరిపోతుంది. చిన్న చక్రం సిగ్నల్ దగ్గర చటుక్కున అందుకుంటుంది కూడా. లోటు ఎక్కడంటే గుంతల దగ్గర. పెద్ద చక్రం దాటిపోయే గుంతలోకి చిన్న చక్రం దిగిపోతుంది. అందుకని టైరులో గాలి సరిగ్గా ఉంచాలి, కళ్లు రోడ్డు మీద ఉంచాలి, స్పీడ్ బ్రేకర్ దగ్గర సీటు మీంచి కొంచెం లేవాలి.

ఇప్పుడు మా ఊరి ప్రయాణం చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్ నుంచి అవనిగడ్డ బస్సు. మడత సైకిల్ని సంచిలో పెట్టి బస్సు డిక్కీలో పెట్టించాను. డ్రైవర్ గారు "ఏముందమ్మా ఇందులో, కుట్టు మిషనా?" అని అడిగారు. తెల్లవారుజామున అవనిగడ్డలో దిగాను. బస్టాండు బెంచీ మీద కూర్చుని టీ తాగి, సంచి విప్పి, సైకిల్ విప్పాను. ఆటో డ్రైవర్లందరూ చుట్టూ చేరారు. ఒకాయన మళ్లీ మడవమ్మా, మళ్లీ చూస్తాం అన్నారు. రెండుసార్లు చేసి చూపించాను.

అక్కడినుంచి పులిగడ్డ అక్విడక్టు, అంటే కాలవ నీళ్లని పైనుంచి దాటించే వంతెన, చూసుకుంటూ కరకట్ట ఎక్కాను. ఒకవైపు కృష్ణ, ఒకవైపు అరటి, చెరకు, పసుపు. నేల చదును. మోటారు అక్కర్లేదు, గేరు అక్కర్లేదు. శ్రీకాకుళం దాకా, ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదండీ, మా కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం, ఆంధ్ర మహావిష్ణువు గుడి దాకా తొక్కుకుంటూ వెళ్లాను. దారిలో రెండుచోట్ల ఆగాను. ఒకచోట మజ్జిగ ఇచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు, ఏ ఊరమ్మాయివి అని అడిగారు. మా నాన్న పేరు చెబితే గుర్తుపట్టారు. కారులో ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లాను, ఎవరూ నన్ను ఏ ఊరని అడగలేదు. అద్దాలు ఎత్తి ఉన్న కారుని ఎవరడుగుతారు? నలభై ఏళ్ల తర్వాత అదే గాలి నా మొహానికి తగిలింది. తిరుగు దారిలో ఎదురుగాలి వచ్చింది. నాకు ఆ ఎదురుగాలి కూడా ఇష్టంగానే ఉంది.

ఇంకో సరదా దారి మన ఊళ్లోనే ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద సైకిల్ బాట వేశారు. 2023 అక్టోబరులో తెరిచారు. మొత్తం ఇరవై మూడు కిలోమీటర్లు, కప్పు మీద పదహారు మెగావాట్ల సోలార్. నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒక ముక్క, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఇంకో ముక్క. మన ఎండలో నీడ కింద సైకిల్ తొక్కడం ఎంత సుఖమో చెప్పలేను. కానీ తార్నాక నుంచి అక్కడికి ఎలా వెళ్లాలి? పాతిక కిలోమీటర్లకి పైనే ట్రాఫిక్‌లో తొక్కుకుంటూ వెళ్లి, అక్కడ సరదాగా ఏం తొక్కుతాం? అక్కడే మడత అక్కరకొస్తుంది. ఆదివారం పొద్దున్నే సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి లింగంపల్లిలో దిగుతాను. తెల్లాపూర్ మీదుగా కొల్లూరు, అక్కడ బాట ఎక్కి నార్సింగి దాకా. జనం లేని వేళ చూసుకోండి, సంచిలో పెట్టండి, తలుపుకి అడ్డం పెట్టకండి. ఎవరూ ఏమీ అనరు. మెట్రోలో వెళ్లాలనుకుంటే సామాను కొలతలు ముందే స్టేషన్లో అడగడం మంచిది. కొచ్చి మెట్రోలో 2020 నుంచి మామూలు సైకిల్ని కూడా ఎక్కనిస్తున్నారు. మన దగ్గర కూడా ఒక పెట్టెలో కొంత చోటు సైకిళ్లకని గీత గీసి ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఇంటినుంచి స్టేషన్‌కి రెండు కిలోమీటర్లు, స్టేషన్ నుంచి ఆఫీసుకి రెండు కిలోమీటర్లు, ఆ నాలుగు కిలోమీటర్ల కోసమే కదా ఎంతోమంది మొత్తం దారంతా బైకు మీద పోతున్నారు!

ఆ కళ్లజోడు బాబు అడిగింది మంచి ప్రశ్న. రెండూ ఒకదాంట్లోనే ఉంటే, మడిచే ఎలక్ట్రిక్ సైకిల్ ఉంటే సరిపోదా అని. ఉన్నాయి. కానీ కొనేముందు ఒక పని చేయండి. దుకాణంలో తొక్కి చూడకముందు ఎత్తి చూడండి. మామూలు మడత సైకిల్ పన్నెండు, పదమూడు కిలోలు ఉంటుంది. మోటారు, బ్యాటరీ చేరితే చాలావాటి బరువు పద్దెనిమిది నుంచి పాతిక దాకా పోతుంది. దాన్ని మడిచి ఏం లాభం, మెట్లు ఎక్కించలేనప్పుడు? పాతిక కిలోల బియ్యం బస్తాని చంకలో పెట్టుకుని ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కగలరా? ఎక్కగలిగితే కొనండి. లిఫ్టు ఉండి, కారు డిక్కీలో పెట్టుకునేవాళ్లకైతే బాగుంటుంది. రైలెక్కి దిగేవాళ్లకి వద్దు. నేను రెండు సైకిళ్లు వేరువేరుగా ఉంచుకోవడానికి కారణం అదే. ఎత్తు దారికి కరెంటుది, రైలు దారికి మడతది.

మూడో అంతస్తు అన్నారు కదా, మీకు మడతదే మేలు. మంచం కింద పడుతుంది. మోకాళ్లు అన్న అమ్మగారికి టార్క్ సెన్సర్ ఉన్నది, అసిస్ట్ ఎక్కువలో పెట్టి, సీటు సరైన ఎత్తులో పెట్టి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు నొప్పి పెడుతుంది. పెడల్ కిందికి వెళ్లినప్పుడు కాలు దాదాపు చాపినట్టు ఉండాలి. కొత్తగా మొదలుపెట్టేటప్పుడు మాత్రం రెండు పాదాలూ నేలకి ఆనేలా సీటు దించుకోండి, ధైర్యం వచ్చాక వారానికి కొంచెం పైకి జరపండి.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఇక మాటలు చాలు, బయటికి వెళదాం. గేటు నుంచి వాటర్ ట్యాంకు దాకా రోడ్డు కొంచెం ఎత్తు ఉంది, వాహనాలు రావు. కరెంటు సైకిల్ని అసిస్ట్ ఒకటిలో పెట్టి ఉంచాను, బ్రేకు నొక్కితే మోటారు ఆగిపోతుంది. నేను పక్కనే నడుస్తాను. హెల్మెట్లు రెండు తెచ్చాను. ఆకుపచ్చ చీర అమ్మగారూ, కొంగు బిగించి దోపుకోండి, చక్రం వైపు జారకుండా. మీ కోసం సీటు దించి పెడతాను. మొదట మీరే రండి.